రానూ పోనూ

జలీల్ పోయిన రోజు అతని టాక్సీలో ఒక ఓడ మనిషి ఉన్నాడు.

ఫిలిప్పీన్స్ కుర్రవాడని తర్వాత తెలిసింది. పోర్టు గేటు దగ్గర ఎక్కి, ఊళ్ళో పనులు చూసుకుని, తిరిగి ఓడకి వెళుతున్నాడు. పాతపోస్టాఫీసు దాటాక జలీల్ బండిని గోడవారగా తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజను ఆపాడు. అవన్నీ చేశాకే స్టీరింగు మీద తల వాల్చాడు. కుర్రవాడు దిగి, భాష రాకపోయినా దారినపోయే వాళ్ళందరినీ కేకలేసి పిలిచాడు. టాక్సీ స్టాండులో ఉన్న సాటి డ్రైవరు సింహాద్రి పరుగెత్తుకొచ్చి, జలీల్‌ని వెనక సీట్లోకి మార్చి, అదే బండిలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అప్పటికే చెయ్యడానికేమీ లేదన్నారు.

ఆ వేళకి నేను ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల చేత పద్యం అప్పజెప్పించుకుంటున్నాను. హెడ్మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ పిల్ల పద్యం పూర్తి చేసేదాకా ఆగారు. అలా ఆగినందుకు ఆయనకి ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

నా పేరు చాంద్ సుల్తానా. మున్సిపల్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. విశాఖ కోటవీధిలో ఇల్లు. మాకు పిల్లలు లేరు. పక్క వాటాలో మా ఆడబిడ్డ, జలీల్ చెల్లెలు ఫాయిజా ఉంటుంది.

జలీల్‌ది పోర్టు గేటు బయట స్టాండు. రైల్వే స్టేషను బేరాలు, విమానాశ్రయం బేరాలు ఫోన్లలోకి వెళ్ళిపోయాక కూడా గేటు స్టాండు నిలబడింది. ఓడ దిగినవాళ్ళకి మన ఊరు తెలియదు, మన సిమ్ ఉండదు. చేతిలో ఒక పాసు, పాసు మీద తిరిగి రావలసిన వేళ. వాళ్ళ దగ్గర ఉండేది అంతే.

ఆ స్టాండుకి ఒక పద్ధతి ఉంది. పోనుకే, అంటే వెళ్ళేదానికే, బేరమాడతారు. రాను గురించి, అంటే తిరిగి వచ్చేదాని గురించి, ఎవరూ ఎత్తరు. ఓడ మనిషి గీచి గీచి బేరమాడి, నెగ్గానన్న సంతోషంతో ఎక్కుతాడు. బజార్లోనో బీచిలోనో వేళ గడిచిపోయి, ఓడకి ఆలస్యమవుతుందన్న కంగారులో ఉన్నప్పుడు రాను రేటు చెబుతారు. అది పోను మీద రెండింతలో మూడింతలో ఉంటుంది.

పెళ్ళైన కొత్తలో, అన్నం తింటూ, జలీల్ ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు.

"అది తప్పు కాదా?" అన్నాను.

"తప్పేటి టీచరమ్మా? మీటరు తిప్పలేదు, సుట్టూ తిప్పలేదు. ఎల్లీదానికి బేరమాడినాడు, వచ్చీది అడగలేదు. అడిగుంటే సెప్పనా?"

మాట్లాడుతూనే చేప ముల్లు తీసి, మంచి ముక్క నా పళ్ళెంలో వేశాడు. పుట్టింది ఉర్దూ మాట్లాడే ఇంట్లోనే అయినా అతనిది స్టాండు తెలుగు. నేను దిద్దేదాన్ని కాదు. ఆ సంగతి కూడా మళ్ళీ మా మధ్య రాలేదు.

ఇద్దరం ఉమ్రాకి వెళ్ళాలనుకున్నాం. హజ్ రోజులు కాని రోజుల్లో మక్కాకి చేసే యాత్ర అది. పాస్‌పోర్టులు వచ్చాయి. ఫోటోలో తన చెవులు పెద్దవిగా పడ్డాయని జలీల్ గొడవపెట్టాడు. ఆ పాస్‌పోర్టు మీద ఒక్క ముద్ర కూడా పడలేదు.

పోయినవాళ్ళ పేరున కూడా ఉమ్రా చెయ్యవచ్చు. భర్త పోయాక ఇంటిపట్టునే ఉండవలసిన ఇద్దత్ గడువు పూర్తయి, గుమ్మం దాటవచ్చని పెద్దలు అన్నాక, వెళతానని చెప్పాను. ముందు నా పేరున ఒకటి, ఆ తర్వాత జలీల్ పేరున ఒకటి. నేను బయలుదేరింది ఆ రెండోదాని కోసమే. వాళ్ళమ్మ పేరున చేస్తానని ఫాయిజా కూడా వస్తానంది. మా ఊరి నుంచి వెళ్ళే ఒక జట్టులో ఇద్దరం చేరాం.

చూడవచ్చినవాళ్ళందరూ ఒకే మాట చెప్పారు. అక్కడ టాక్సీలతో జాగ్రత్త. ఒకరిని ఊరంతా తిప్పారట. ఒకరికి చిల్లర లేదన్నారట. యాత్ర గురించి చెప్పేవాళ్ళకన్నా టాక్సీల గురించి చెప్పేవాళ్ళే ఎక్కువ.

బయలుదేరే ముందు ఆదివారం సింహాద్రి వచ్చాడు. అతనిది తగరపువలస అవతల పల్లె. జలీల్, అతనూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఆ వరసన నేను అతనికి చెల్లెల్ని.

"సెల్లెమ్మా, ఏ దేశమైనా టాక్సీవోడు టాక్సీవోడే," అన్నాడు. "నాను సెప్పింది ఇనండి ఇద్దరూ. బేరం బండెక్కకముందే. ఎక్కేసేక బేరం ఉండదు, దండమే."

"సెప్తే రాదు సింహాద్రన్నా, సేసి సూపించు," అంది ఫాయిజా. ఆమెకి కురుపాం మార్కెట్టులో గాజుల కొట్టు ఉంది. ఆమెతో బేరమాడి నెగ్గినవాళ్ళని నేను చూడలేదు.

సింహాద్రి లేచి ఒక కుర్చీ ముందు, రెండు కుర్చీలు వెనక వేశాడు. ముందు కుర్చీలో కూర్చుని, భుజం మీద తువ్వాలు తీసి నెత్తిమీద పరుచుకున్నాడు.

"ఏటిది? అరబ్బు షేకువా, జాలరిపేటలో సేపలమ్మీ అప్పవా?"

"నవ్వకు. నాను డ్రైవర్ని. నువ్వు విమానం దిగినావు. పెట్టె నీ సేతిలో ఉంది, నాను లాగేసుకుంటన్నాను. ఏటి సేత్తావు?"

"సెయ్యి ఇరగ్గొడతాను."

"అదీ! పెట్టె డిక్కీలో ఎట్టనిచ్చినావంటే సగం ఓడిపోయినట్టే. ఇప్పుడు సూడు. ఎక్కడికి మేడమ్, అంటాను. నువ్వు కొత్త మనిషిలాగ ఎటూ సూడకూడదు. నిన్న కూడా ఇక్కడే దిగినట్టు మొకం ఎట్టాలి."

ఫాయిజా ముఖం పెట్టింది.

"అది పన్ను నొప్పి మొకం. ఇంకొకటి ఎట్టు."

అలా చాలాసేపు సాగింది. మీటరు పాడైపోయిందంటే దిగిపోవాలి. రేటు చెప్పగానే నవ్వి, వెనక్కి చూడకుండా నాలుగడుగులు వెయ్యాలి. పిలిస్తే ఆగాలి, పిలవకపోతే పక్కవాడి దగ్గరికి వెళ్ళాలి. పెద్దనోటు ఇవ్వకూడదు. దిగే చోటు పేరు కాగితం మీద అరబ్బీలో రాయించుకోవాలి.

"ఇంకోటి. మీరు దిగీ హోటలు కాలిపోనాది, మా బావమరిదిది మంచి హోటలుందీ అంటాడు. నమ్మకండి."

"నువ్వు ఎంతమందికి సెప్పినావు, హోటలు కాలిపోనాదని?"

"ఓలమ్మా, నాను కాల్సలేదు. వరదొచ్చీసినాదన్నానంతే."

అప్పుడు నేను నవ్వాను. జలీల్ పోయాక అదే మొదటిసారి. నవ్వుతూనే ముందు కుర్చీ వైపు చూశాను. అది జలీల్ భోజనానికి కూర్చునే కుర్చీ. సింహాద్రి కూడా నా చూపు వెంట కిందికి చూసుకున్నాడు.

"ఇంకేమైనా ఉందా అన్నయ్యా?" అని అడిగాను.

 తువ్వాలు తీసి, దులిపి, భుజాన వేసుకున్నాడు. కుర్చీలోంచి లేచాడు.

"ఇంకేటుంది సెల్లెమ్మా. అంతే."

మక్కాలో నా పేరున ఉమ్రా మొదటి రోజే చేశాను. దాని గురించి ఇక్కడ రాయను. చేశాను, మనసుకి నెమ్మదిగా అనిపించింది, అంతవరకు చాలు.

ఆ తర్వాత ఫాయిజాకి జ్వరం వచ్చింది. ఆమె తేరుకునేసరికి మాకు మిగిలింది ఒక్క రోజు. మర్నాడు పొద్దున్నే జట్టు మదీనాకి వెళ్ళిపోతుంది. మదీనా నుంచే ఇంటికి విమానం. జలీల్ పేరున చెయ్యాలంటే ఆ రోజే చెయ్యాలి.

మక్కాలో ఉన్నవాళ్ళు ఇంకో ఉమ్రా చెయ్యాలంటే ఊరి పవిత్ర సరిహద్దు దాటి బయటికి వెళ్ళి, అక్కడ నియ్యత్ చేసుకుని తిరిగి రావాలి. నియ్యత్ అంటే సంకల్పం. మావాళ్ళు ఎక్కువగా వెళ్ళేది ఆయిషా మసీదుకి. ఎవరి పేరున చేస్తున్నామో అక్కడ మనసులో చెప్పుకోవాలి. చెప్పుకున్న క్షణం నుంచి ఉమ్రా పూర్తయ్యేదాకా మనిషి ఇహ్రాంలో ఉన్నట్టు. ఇహ్రాంలో గోరు తీయకూడదు, వెంట్రుక తుంచకూడదు, ఎవరితోనూ తగువుపడకూడదు.

పెద్ద మసీదు బయట డ్రైవర్లు "ఆయిషా, ఆయిషా" అని కేకలేస్తున్నారు. మా ఊరి బస్సు కాంప్లెక్సు దగ్గర "గాజువాక, గాజువాక" అన్నట్టే ఉంది. ఫాయిజా కొంగు సర్దుకుని ముందుకి నడిచింది. మొదటివాడు రేటు చెప్పగానే నవ్వింది. రెండోవాడి దగ్గర నాలుగడుగులు వేసింది, అతను పిలవలేదు. మూడోవాడు పెద్దమనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం. ఉర్దూ మాట్లాడాడు. అతనిది ఏ దేశమో మేం అడగలేదు. అతను చెప్పినదానిలో సగానికి ఫాయిజా ఒప్పించింది. సంచి ఒళ్ళోనే పెట్టుకుంది. నిన్న కూడా ఇక్కడే దిగినట్టు ముఖం పెట్టింది.

"సూసినావా భాభీ?" అంది బండి కదిలాక, తెలుగులో. "సింహాద్రన్న ఇక్కడుంటే నా కాళ్ళకి దండమెట్టును."

డ్రైవరు నిదానంగా నడిపాడు. ఎవరి కోసం వచ్చారని అడిగాడు. ఫాయిజా వాళ్ళమ్మ గురించి చెప్పింది, అన్న గురించి చెప్పింది. మా భాయ్‌జాన్ కూడా మీలాగే టాక్సీ నడిపేవాడు అంది. అతను "అల్లా అతన్ని మన్నించుగాక" అన్నాడు. నేనూ ఆమీన్ అన్నాను.

మసీదు ముందు ఆగాం. ఎంతసేపైనా ఆగుతాను, నెమ్మదిగా రండి అన్నాడు. ఫాయిజా డబ్బు ఇచ్చింది. అతను తీసుకుని జేబులో పెట్టుకుని, వాపసు రేటు చెప్పాడు. అది మూడింతలు.

ఫాయిజా నోరు తెరిచి మళ్ళీ మూసింది. నా వైపు తిరిగి అడిగింది.

"భాభీ, నియ్యత్ ఇంకా సెయ్యలేదు కదా? ఇప్పుడు తిట్టొచ్చు కదా?"

నేను ఏదో చెప్పేలోపే మొదలుపెట్టింది. ముందు ఉర్దూలో తిట్టింది. అందులో చాలక తెలుగులోకి వచ్చింది. "గడ్డం సూసి మంచోడనుకున్నాను, గోరింటాకు కూడా ఎవుడి దగ్గరో కొట్టేసుంటావు" అంది. అతను తలుపుకి ఆనుకుని, ఇలాంటివి చాలా విన్నవాడిలా విన్నాడు. కోపం లేదు, సిగ్గూ లేదు. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు మెల్లగా అన్నాడు.

"వెళ్ళేదానికి బేరమాడారు బహన్. వచ్చేది అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కాదా?"

అతను అన్నది ఉర్దూలోనే. నాకు మాత్రం అది మా వంటింట్లో, చేప ముల్లు తీస్తున్న మనిషి నోటి నుంచి వచ్చినట్టుంది.

ఇంకో టాక్సీ చూద్దామంది ఫాయిజా. వద్దన్నాను. అడిగినంత ఇస్తాం, ఉండండి అని అతనికి చెప్పి లోపలికి వెళ్ళాను. ఆ డబ్బు మాకు పెద్దది కాదు. కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కుని వజూ చేశాను. నమాజు చేశాను. నా పక్కనే ఫాయిజా వాళ్ళమ్మ పేరున నియ్యత్ చేసుకుని కళ్ళు తుడుచుకుంది.

నేనూ మొదలుపెట్టాను. జలీల్ తరఫున, అనే మాట దగ్గర ఆగిపోయాను.

ఎన్నిసార్లు అన్నావు జలీల్, వచ్చేది అడగలేదన్న ఆ మాట? ఎంతమందితో? పాసు వేళ దాటిపోతుంటే వాచీ చూసుకుంటున్న పిల్లలతో, ఇంటికి నెలల దూరంలో ఉన్నవాళ్ళతో? మన ఇంట్లో బియ్యంలో అది ఎంత? నా చీరల్లో ఎంత? ఇక్కడికి వచ్చిన టికెట్‌లో ఎంత? నేను అడిగితే నవ్వావు. ఇప్పుడు అడుగుతుంటే లేవు.

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగాను. ఇహ్రాంలో తగువు కూడదు. నేను తగువులో ఉన్నాను. ఆ డ్రైవరుతో కాదు.

పక్కన ఎవరెవరో వచ్చి నియ్యత్ చేసుకుని వెళ్ళారు. ఒక ముసలాయన కొడుకు పేరు పైకే చెప్పుకున్నాడు. ఫాయిజా నా మోకాలు తట్టి, "అయిందా భాభీ?" అంది. లేచాను. అది అవునన్నట్టేనని ఆమె అనుకుంది.

తిరిగి వస్తుంటే ఫాయిజా ఇహ్రాంలో ఉంది, కాబట్టి తిట్టలేదు. పెదాలు బిగించి కిటికీలోంచి చూసింది. అతని వీపు మీద చూపు పడినప్పుడల్లా ఇహ్రాంలో చదువుకునే "లబ్బైక్" కాస్త గట్టిగా చదివింది. ఆడవాళ్ళు మెల్లగా చదవాలని నేను చెయ్యి నొక్కాను. దిగేటప్పుడు అతను, "నా కోసం కూడా దువా చెయ్యండి బహన్," అన్నాడు.

"సేత్తాను," అంది ఫాయిజా తెలుగులో, ఎంతో మర్యాదగా. "నీకు నీలాంటోడే దొరకాలని సేత్తాను."

కాబా చుట్టూ ఆమెతోపాటు నేనూ తిరిగాను. నాది ఉమ్రా కాదు, ఎవరైనా ఎప్పుడైనా చేసే ప్రదక్షిణ. చివర్లో, ఉమ్రా పూర్తయినందుకు గుర్తుగా, ఫాయిజా తన జుట్టు కొస కత్తిరించుకుని, కత్తెర నాకిచ్చింది. తర్వాత అన్నాను. ఆమె అలసిపోయి ఉంది, ఏమీ అడగలేదు. మర్నాడు మదీనా బస్సెక్కాం.

విశాఖ వచ్చాక ఇల్లు మనుషులతో నిండింది. ఫాయిజా అందరికీ చెప్పింది. నియ్యత్ ముందు తిట్టిన తిట్లు కూడా వరసతప్పకుండా చెప్పింది. "నాను అమ్మీ పేరున సేసినాను, భాభీ భాయ్‌జాన్ పేరున సేసింది," అని ప్రతిసారీ ముగించింది. నేను వచ్చినవాళ్ళకి ఖర్జూరాలు పంచాను. మక్కాలోని జంజం బావి నీళ్ళు చిన్న సీసాల్లో పోశాను.

ఒక సీసా, కొన్ని ఖర్జూరాలు పట్టుకుని, బడి వదిలాక గేటు స్టాండుకి వెళ్ళాను. జలీల్ ఉన్నప్పుడు అక్కడికి వెళ్ళింది తక్కువ. బళ్ళన్నీ నల్లటి దుమ్ము కప్పుకుని వరసగా ఉన్నాయి. గోడ అవతల క్రేన్లు తిరుగుతున్నాయి. సింహాద్రి సీసాని రెండు చేతులతో తీసుకుని, కళ్ళకి అద్దుకుని, డాష్‌బోర్డు మీద ఉన్న అప్పన్న స్వామి బొమ్మ పక్కన పెట్టాడు.

"ఏటి సెల్లెమ్మా, పాఠం పనికొచ్చిందా? ఎవుడైనా ముంచినాడా?"

"పోనుకి ముంచలేదు అన్నయ్యా. రానుకి ముంచారు."

అతని నవ్వు ఆగిపోయింది. తువ్వాలు తీసి బానెట్టు మీద దుమ్ము తుడిచాడు.

"ఆ ఒక్కటీ నాను సెప్పలేదు."

"ఎందుకని?"

"నోటిదాకా వచ్చింది. ఇంకేమైనా ఉందా అని నువ్వు అడిగినావు కూడాను. నానేమో బావ కుర్సీలో కూకున్నాను. ఆడి కుర్సీలో కూకోని, రాను రేటు కాడ జాగ్రత్తమ్మా అని ఎలగ సెప్పీది? ఆడ్ని తిట్టినట్టుండదా?"

"నాకు తెలుసు అన్నయ్యా. ఎప్పుడో అతనే చెప్పాడు."

"తెలిసీ మరి అక్కడ అడగలేదేటి?"

 అది మా ఇంటి సంగతి అనుకున్నాను. ఇంకో దేశంలో, ఇంకొకరి నోట ఎదురవుతుందనుకోలేదు. అదే చెప్పాను. సింహాద్రి తల ఊపాడు.

"ఆ రోజు ఆ కుర్రవాడు ఓడకే తిరిగి వెళుతున్నాడు కదా?" అని అడిగాను. "అతనికి రేటు చెప్పాడా?"

సింహాద్రి గేటు వైపు చూశాడు. 

"సెప్పే ఉంటాడు. అబద్ధమెందుకు. మాకు అలవాటు సెల్లెమ్మా." గేటు వైపే చూస్తూ అన్నాడు. "ఆ కుర్రోడు మాతోపాటు ఆస్పత్రికొచ్చీసినాడు. నీకు తెల్దా? బయట బెంచీ మీద కూకున్నాడు. పాసు వేళ దాటిపోనాది. పోరా బాబూ, నీ ఓడెల్లిపోతాది అంటే కదల్డు. నువ్వొచ్చేక గానీ లేవలేదు. తరవాత నానే గేటు కాడికి తెచ్చి, గార్డుకి సంగతి సెప్పి లోపలికి పంపినాను. డబ్బులు తీసినాడు."

"రాను డబ్బులా?"

"రానువే. శావు కాడ్నుంచి వచ్చిన బండికి కూలి ఎవుడు తీసుకుంటాడు? ఆడి జేబులోనే కుక్కేసి తోసేసినాను."

ఆస్పత్రి వరండాలో నారింజ రంగు చొక్కా కుర్రవాణ్ణి చూసినట్టు గుర్తొచ్చింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇంకెవరి తాలూకో అనుకుని దాటి వెళ్ళిపోయాను.

"ఐనా ఇప్పుడు అవన్నీ ఎందుకు," అన్నాడు సింహాద్రి. "బావ పేరున అంత దూరమెల్లి సేసొచ్చినావు. ఏటున్నా సరిపోతాది."

"చెయ్యలేదు అన్నయ్యా."

"ఏటి?"

"నా పేరున చేశాను. అతని పేరున చెయ్యలేకపోయాను. ఫాయిజాకి తెలియదు."

 సింహాద్రి తువ్వాలు మడత పెట్టాడు. తర్వాత, "మల్లీ ఎల్లు. ఈసారి రానూ పోనూ కలిపి బేరమాడు," అన్నాడు. అది హాస్యానికి అన్నాడో, ఊరడింపుకి అన్నాడో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

ఆ మాటల్లోనే గేటులోంచి ఇద్దరు ఓడ మనుషులు బయటికి వచ్చారు. పాసులు మెడలో వేలాడుతున్నాయి. వరసలో సింహాద్రి బండి ముందుంది. అతను వాళ్ళని చూశాడు, నన్ను చూశాడు.

"ఒరే దాలయ్యా, నువ్వెల్లు," అన్నాడు వెనక బండివాడితో. "నాకు ఒంట్లో బాగోలేదు."

దాలయ్య ఉషారుగా ముందుకొచ్చాడు. బీచి అన్నారు వాళ్ళు. అతను వేళ్ళతో రేటు చూపించాడు. వాళ్ళు తల అడ్డంగా ఊపారు. అతను నెత్తి కొట్టుకున్నాడు, ఆకాశం వైపు చూశాడు, చివరికి ఓడిపోయినవాడిలా తలుపు తెరిచాడు. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఫాయిజా ముఖంలో నేను చూసిన నవ్వే అది.

నేను రెండడుగులు ముందుకి వేశాను. పిల్లలకి చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి, ఇంగ్లీషులో చెప్పాను. తిరిగి రావడానికి ఎంతో కూడా ఇప్పుడే అడగండి.

ఇద్దరూ ఆగారు. పెద్దవాడు దాలయ్య వైపు తిరిగి అడిగాడు.

"ఓలమ్మో, ఏటిది టీచరమ్మా!" అన్నాడు దాలయ్య. "మా కూట్లో ఇసకోత్తన్నావేటి? జలీల్ బావ ఉంటే నిన్ను ఈ మాట అననిచ్చీవోడేటి?"

అననిచ్చేవాడు కాదేమో. నవ్వి ఊరుకునేవాడేమో. నాకు తెలియదు.

 సింహాద్రి డోరు తీసి, డాష్‌బోర్డు మీద సీసా కొంచెం పక్కకి జరిపాడు. దాలయ్య సణుక్కుంటూ రెండు వేపులా రేటు చెప్పాడు. మళ్ళీ బేరం మొదలైంది. ఎక్కడ తెగిందో వినకుండా నేను బయలుదేరాను. ఇంటిదాకా దింపుతానని సింహాద్రి వెనక నుంచి పిలిచాడు. నడుస్తానన్నాను.

పాతపోస్టాఫీసు ముందు గోడవారగా నడిచాను. జలీల్ బండి ఆపిన చోట ఇప్పుడు చెరకు రసం బండి పెట్టారు. అక్కడ నిలబడి అతనితో కొంచెం మాట్లాడాను. మనసులోనే. తగువు పూర్తిగా తీరిందని చెప్పలేను. మాట అయితే మొదలైంది.

వచ్చే జట్టుకి పేర్లు రాసుకుంటున్నారని ఫాయిజా మొన్న చెప్పింది. కొట్టు మూసి రాగానే రోజూ నా దగ్గర కూర్చుని టీ తాగుతుంది. ఆమెకి ఇంకా చెప్పలేదు. జట్టులో పేరు ఇవ్వలేదు. జలీల్ పేరున ఉమ్రా ఇంకా చెయ్యలేదు.